సూర్యుడి నిదానం గురించి కూడా రాయండి

సంపాదకులకు,

నమస్కారం. కేంద్రక సంలీనం గురించిన వార్తలు ఈ మధ్య పత్రికల్లో తరచుగా కనిపిస్తున్నాయి. ఒక ప్రయోగశాలలో ప్లాస్మాను (ఎలక్ట్రాన్లు విడిపోయేంతగా వేడెక్కిన వాయువును) ఇన్ని సెకన్లపాటు నిలిపి ఉంచారని, మరొక చోట పెట్టిన శక్తి కన్నా ఎక్కువ శక్తి రాబట్టారని చదివినప్పుడల్లా, చాలాకాలం భౌతికశాస్త్రం బోధించినదాన్ని కాబట్టి నాకు సహజంగానే సంతోషం కలుగుతుంది. అయితే ఆ వార్తల్లో ఒక వాక్యం మాత్రం దాదాపు తప్పకుండా ఉంటుంది: సూర్యుడిలో జరిగే ప్రక్రియనే శాస్త్రవేత్తలు భూమి మీద జరిపిస్తున్నారని. స్థూలంగా చూస్తే అందులో అబద్ధం లేదు. తేలికైన కేంద్రకాలు కలిసి వాటికన్నా బరువైన కేంద్రకం ఏర్పడటం, ఆ క్రమంలో శక్తి వెలువడటం రెండు చోట్లా ఉన్నదే. కానీ సూర్యుడిలో జరిగే చర్య వేరు, యంత్రాల్లో జరిపిస్తున్న చర్య వేరు. సూర్యుడు వందల కోట్ల ఏళ్లుగా ఆరిపోకుండా ఎందుకు వెలుగుతున్నాడు, అదే పని మనకు ఇన్ని దశాబ్దాలుగా ఎందుకు కొరుకుడు పడటం లేదు అనే రెండు ప్రశ్నలకూ సమాధానం ఆ తేడాలోనే ఉంది. దాన్ని చెప్పకుండా వదిలేస్తే పాఠకుడికి ఉష్ణోగ్రతల అంకెలు మిగులుతాయి గానీ విషయం అందదు. అందువల్ల ఈ ఉత్తరం కాస్త నిడివిగానే రాస్తున్నాను. చోటు ఇవ్వవలసిందిగా మనవి.

ముందు కణాల సంగతి. పరమాణువు మధ్యలో అతి చిన్న కేంద్రకం ఉందని రూథర్‌ఫర్డ్ 1911లో తేల్చారు. ధనావేశం గల ప్రోటాన్‌ను కేంద్రకంలోని భాగంగా గుర్తించిందీ, 1920లో దానికి ఆ పేరు స్థిరపరిచిందీ ఆయనే. ఏ ఆవేశమూ లేని న్యూట్రాన్ 1932లో చాడ్విక్ ప్రయోగాల్లో బయటపడింది. సాధారణ హైడ్రోజన్ కేంద్రకం అంటే ఒంటరి ప్రోటానే. దానికి ఒక న్యూట్రాన్ జతపడితే డ్యుటీరియం, రెండు జతపడితే ట్రిటియం. రెండు ప్రోటాన్లూ రెండు న్యూట్రాన్లూ కలిసి ఉంటే అది హీలియం-4. ద్రవ్యరాశికీ శక్తికీ ఉన్న సంబంధాన్ని ఐన్‌స్టీన్ చూపించినప్పటినుంచి ఈ కణాల ద్రవ్యరాశులను శక్తి ప్రమాణాల్లోనే చెప్పడం అలవాటైంది. ఆ లెక్కన ప్రోటాన్ 938.27 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు (కణాల శక్తిని కొలిచే ప్రమాణం ఇది), న్యూట్రాన్ 939.57, ఎలక్ట్రాన్ 0.51. న్యూట్రాన్ ప్రోటాన్ కన్నా 1.29 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు బరువైనదన్న ఒక్క సంగతిని పాఠకులు గుర్తుంచుకుంటే చాలు, ముందు ముందు దానితో చాలా పని ఉంది.

ఈ రెండు కణాలూ మౌలికమైనవి కావు. వాటి లోపల క్వార్కులు ఉంటాయని 1964లో గెల్‌మన్, జ్వైగ్ విడివిడిగా ప్రతిపాదించారు. ఆ దశాబ్దం చివర స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రాన్లతో ప్రోటాన్లను ఢీకొట్టించిన ప్రయోగాలు అందుకు ఆధారాన్ని ఇచ్చాయి. ప్రోటాన్‌లో రెండు అప్ క్వార్కులు, ఒక డౌన్ క్వార్కు. న్యూట్రాన్‌లో ఒక అప్, రెండు డౌన్. అప్ క్వార్కు ఆవేశం మూడింట రెండు వంతులు ధనం, డౌన్ క్వార్కు ఆవేశం మూడింట ఒక వంతు రుణం. కూడి చూసుకుంటే ప్రోటాన్‌కు ఒకటి, న్యూట్రాన్‌కు సున్నా వస్తాయి. క్వార్కుల సొంత ద్రవ్యరాశి మొత్తం ప్రోటాన్ ద్రవ్యరాశిలో నూటికి ఒక వంతు మాత్రమే. తక్కినదంతా వాటిని పట్టి ఉంచే గ్లూవాన్ల శక్తి, క్వార్కుల గతిశక్తి. మనం బరువు అనుకునేది చాలావరకు బంధించి ఉన్న శక్తేనన్న ఈ సంగతిని పాఠశాల పుస్తకాల్లో ఇంకా గట్టిగా చెప్పవలసి ఉందని నా అభిప్రాయం.

ఒక ప్రోటాన్ న్యూట్రాన్‌గా మారడమంటే దానిలోని ఒక అప్ క్వార్కు డౌన్ క్వార్కుగా మారడమే. ఆ మార్పు చేయగలిగినది దుర్బల కేంద్రక బలం ఒక్కటే. పేరుకు తగ్గట్టే అది దుర్బలం; అది పనిచేయడానికి వాహకంగా ఉండే డబ్ల్యూ బోసాన్ ప్రోటాన్ కన్నా సుమారు 85 రెట్లు బరువైనది కావడంతో, సాధారణ శక్తుల వద్ద ఆ బలం అతి తక్కువ దూరంలో, అతి అరుదుగా మాత్రమే తన ప్రభావం చూపుతుంది. కేంద్రకాన్ని కూడగట్టే ప్రబల కేంద్రక బలం దీనికి పూర్తిగా భిన్నమైనది. రెండు ప్రోటాన్లు మీటరులో లక్ష కోట్ల వంతుకన్నా ఇంకా వెయ్యి రెట్లు చిన్న దూరానికి చేరాయంటే వాటి మధ్య విద్యుత్ వికర్షణను అది జయించగలదు. చిక్కంతా అంత దగ్గరికి చేర్చడంలోనే ఉంది.

పాత భౌతికశాస్త్రం ప్రకారం ఆ వికర్షణను దాటి రెండు ప్రోటాన్లు తాకాలంటే ఉష్ణోగ్రత సుమారు 1,000 కోట్ల డిగ్రీలు ఉండాలి. సూర్యుడి మధ్య భాగంలో ఉన్నది 1.57 కోట్ల డిగ్రీలే. అంటే కొన్ని వందల రెట్లు తక్కువ. సూర్యుడు ఎంత వేడిగా ఉంటాడో చెప్పి ఆశ్చర్యపరచడం మన రచనల్లో మామూలు. ఆయన ఈ పనికి ఎంత చల్లగా ఉన్నాడో చెబితే ఇంకా ఎక్కువ ఆశ్చర్యం కలుగుతుంది. ఈ లోటును పూడ్చింది క్వాంటం సిద్ధాంతం. దాటడానికి చాలినంత శక్తి లేని కణం కూడా కొద్దిపాటి సంభావ్యతతో ఆటంకానికి ఆవలి వైపు కనిపించగలదని 1928లో గామోవ్ రేడియోధార్మిక కేంద్రకాల విషయంలో నిరూపించారు. దీన్నే టన్నెలింగ్ అంటారు. మరుసటి ఏడాదే అట్కిన్సన్, హౌటర్‌మన్స్ అదే సూత్రాన్ని తిప్పి నక్షత్రాలకు అన్వయించారు: కేంద్రకంలోంచి బయటికి రాగలిగిన కణం లోపలికి కూడా పోగలదు కదా అని.

అంతకు ముందే ఈ ఆలోచనకు బీజం పడింది. నాలుగు హైడ్రోజన్ పరమాణువులకన్నా ఒక హీలియం పరమాణువు తేలికగా ఉందని ఆస్టన్ 1920లో తన ద్రవ్యరాశి వర్ణపట మాపకంతో కొలిచి చూపించారు. ఇప్పటి కొలతల్లో హైడ్రోజన్ 1.00783 పరమాణు ద్రవ్యరాశి యూనిట్లు, నాలుగింటికి 4.0313, హీలియం 4.0026. తేడా 0.0287, అంటే నూటికి 0.7. ఈ కాస్త తరుగుదలే సూర్యుడి శక్తికి మూలం కావచ్చునని అదే ఏడాది కార్డిఫ్‌లో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సభలో ఎడింగ్టన్ ప్రకటించారు. అప్పటికి న్యూట్రాన్ తెలియదు, టన్నెలింగ్ తెలియదు, సూర్యుడిలో ఎక్కువగా ఉన్నది హైడ్రోజన్ అని కూడా తెలియదు. ఆ చివరి సంగతిని 1925లో సిసిలియా పేన్ బయటపెట్టారు. మేఘనాద్ సాహా 1920లో ఇచ్చిన అయనీకరణ సమీకరణాన్ని నక్షత్రాల వర్ణపటాలకు వర్తింపజేసి, వాటిలో హైడ్రోజన్ తక్కిన మూలకాలన్నిటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువని ఆమె లెక్కగట్టారు. ఆనాటి పెద్దలు నమ్మలేదు. ఆ ఫలితం వాస్తవం కాకపోవచ్చునని ఆమె తన సిద్ధాంత గ్రంథంలోనే రాయవలసి వచ్చింది. నాలుగేళ్లకు, మొదట అభ్యంతరం చెప్పిన హెన్రీ నోరిస్ రస్సెలే ఆమె చెప్పింది సరైనదని ఒప్పుకున్నారు. సంలీనం గురించి రాసేటప్పుడు ఎడింగ్టన్ పేరు వచ్చిన చోట సాహా, పేన్ పేర్లు కూడా రావడం న్యాయం.

ఇక అసలు చర్య. నాలుగు ప్రోటాన్లు ఒక్కసారిగా ఢీకొని హీలియం అవుతాయన్నట్టుగా కొన్ని చోట్ల బొమ్మలు వేస్తారు. అలా జరగదు. నాలుగు కణాలు ఒకే చోట ఒకే క్షణంలో కలిసే అవకాశం లెక్కలోకి రానంత తక్కువ. అంతేకాక అక్కడ హైడ్రోజన్ పరమాణువులు కూడా ఉండవు. ఆ వేడికి ఎలక్ట్రాన్లు విడిపోయి, కేంద్రకాలూ ఎలక్ట్రాన్లూ విడివిడిగా తిరిగే ప్లాస్మా మాత్రమే ఉంటుంది. పని మెట్లు మెట్లుగా సాగుతుంది. ఆ వరుసను 1938లో హాన్స్ బేథే, క్రిచ్‌ఫీల్డ్ లెక్కలతో సహా వివరించారు. కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ కేంద్రకాల సాయంతో ఇదే ఫలితాన్ని ఇచ్చే మరొక చక్రాన్ని వైజ్‌సేకర్, బేథే విడివిడిగా కనుగొన్నారు. అది సూర్యుడికన్నా బరువైన నక్షత్రాల్లో ముఖ్యమైనది, సూర్యుడిలో దాని వాటా నూటికి ఒకటి మాత్రమే కనుక ఇక్కడ దాని జోలికి పోను.

మొదటి మెట్టులో రెండు ప్రోటాన్లు కలుస్తాయి. అయితే రెండు ప్రోటాన్లు మాత్రమే ఉన్న కేంద్రకం నిలవదు. ప్రబల బలం వాటిని కొద్దిలో కట్టి ఉంచలేకపోతుంది. కాబట్టి టన్నెలింగ్ వల్ల దగ్గరపడిన రెండు ప్రోటాన్లు మరుక్షణమే విడిపోతాయి. దాదాపు ప్రతి సారీ జరిగేది ఇదే. విడిపోయేలోపు, ఆ అత్యల్ప కాలంలో, రెండింటిలో ఒకటి దుర్బల బలం వల్ల న్యూట్రాన్‌గా మారితేనే డ్యుటీరియం మిగులుతుంది. అప్పుడు ఒక పాజిట్రాన్ (ధనావేశం గల ఎలక్ట్రాన్ వంటి కణం), ఒక న్యూట్రినో (ఆవేశం లేని, అతి తేలికైన కణం) వెలువడతాయి.

ఇక్కడి శక్తి లెక్కను పాఠకులు ఓపికగా చూడాలని కోరుతున్నాను, ఎందుకంటే ఈ విషయమంతటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. ప్రోటాన్ తనకన్నా బరువైన న్యూట్రాన్‌గా మారాలంటే 1.29 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. పాజిట్రాన్ పుట్టడానికి మరొక 0.51 కావాలి, మొత్తం 1.80. ఒంటరి ప్రోటాన్‌కు అంత శక్తి ఎక్కడా దొరకదు కనుక అది ఎన్నటికీ తనంతట తాను న్యూట్రాన్ కాలేదు. కానీ ప్రోటాన్, న్యూట్రాన్ జతపడి డ్యుటీరియం కావడం వల్ల 2.22 బంధన శక్తి విడుదలవుతుంది. ఖర్చు పోను మిగిలేది 0.42. ఇంత సన్నని మిగులు మీద సూర్యుడు నడుస్తున్నాడు. డ్యుటీరియం బంధన శక్తి ఐదో వంతు తగ్గి ఉంటే ఈ మొదటి మెట్టు నష్టంలో పడి ఈ దారి మూసుకుపోయేది. విడిగా ఉన్న న్యూట్రాన్ సగటున 15 నిమిషాల లోపే విచ్ఛిన్నమై ప్రోటాన్‌గా మారిపోతుంది గదా, డ్యుటీరియంలో ఉన్న న్యూట్రాన్ ఎందుకు మారదని విద్యార్థులు అడుగుతుంటారు. దానికి జవాబు కూడా ఈ లెక్కలోనే ఉంది. బంధంలో ఉన్నప్పుడు మారడానికి కావలసిన శక్తి దానికి మిగలదు.

తరువాతి మెట్లు త్వరగా చెప్పుకోవచ్చు. పుట్టిన పాజిట్రాన్ పక్కనే ఉన్న ఎలక్ట్రాన్‌తో కలిసి నశించి 1.02 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలవుతుంది. డ్యుటీరియం మరొక ప్రోటాన్‌ను పట్టుకుని హీలియం-3 అవుతుంది, 5.49 వెలువడుతుంది. అలాంటి రెండు హీలియం-3 కేంద్రకాలు కలిసి ఒక హీలియం-4 ఏర్పడి, రెండు ప్రోటాన్లు తిరిగి బయటపడతాయి, 12.86 వస్తుంది. మొదటి రెండు మెట్లూ రెండేసి సార్లు జరగాలి కాబట్టి మొత్తం 26.73 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. పైన చెప్పిన 0.0287 యూనిట్ల తరుగుదలకు ఇది సరిగ్గా సమానం. చివరి మెట్టుకు బెరీలియం మీదుగా వేరే దారులు కూడా ఉన్నాయి గానీ, ఎక్కువ భాగం నడిచే దారి ఇదే.

ఈ మెట్లకు పట్టే కాలాలను పక్కపక్కన పెట్టి చూడాలి. డ్యుటీరియం ఏర్పడిన తరువాత కొన్ని సెకన్లలోనే అది మరొక ప్రోటాన్‌తో కలిసిపోతుంది. హీలియం-3 తన జత కోసం లక్షల ఏళ్లు ఆగుతుంది. కానీ సూర్యుడి మధ్యలో ఉన్న ఒక ప్రోటాన్, మొదటి మెట్టు ఎక్కడానికి సగటున 900 కోట్ల ఏళ్లకు పైగా వేచి ఉండాలి. ప్రతి సెకనుకూ లెక్కలేనన్ని సార్లు పక్క ప్రోటాన్లతో తాకిడి పడుతూ కూడా అంతకాలం అలాగే ఉండిపోతుంది. ఈ చర్య ఎంత అరుదైనదంటే దాన్ని ఏ ప్రయోగశాలలోనూ నేరుగా కొలవలేకపోయారు. దాని వేగాన్ని దుర్బల బలపు సిద్ధాంతం నుంచే లెక్కించారు. మనకు తెలిసిన సూర్యుడి వయస్సు, ఆయనకు మిగిలి ఉన్న ఆయుష్షు, ఈ ఒక్క మెట్టు నిదానం మీదే ఆధారపడి ఉన్నాయి. దుర్బల బలం అవసరం లేకుండా, రెండు ప్రోటాన్లే నేరుగా కలిసి నిలవగలిగి ఉంటే, సూర్యుడి వంటి నక్షత్రం చరిత్ర పూర్తిగా వేరుగా ఉండేది.

మరి అంత నిదానమైన చర్యతో ఇంత వెలుగు ఎలా వస్తోందంటే, సూర్యుడు అంత పెద్దవాడు కాబట్టి. సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ హీలియంగా మారుతోంది, అందులో 42 లక్షల టన్నుల ద్రవ్యరాశి శక్తిగా వెలువడుతోంది. ఈ అంకెలు వినడానికి భయంకరంగా ఉంటాయి. కానీ 460 కోట్ల ఏళ్లుగా ఇలా పోతున్నా సూర్యుడి మొత్తంలో తరిగింది పదివేలలో మూడు వంతుల దరిదాపుల్లోనే. సూర్యుడి నడిబొడ్డున కూడా ఒక ఘనపు మీటరులో పుట్టే శక్తి 300 వాట్లకు మించదు. అదే పరిమాణం గల మనుషుల శరీరాలు ఊరికే కూర్చుని అంతకు నాలుగైదు రెట్లు వేడిని పుట్టిస్తాయి. సూర్యుడు హైడ్రోజన్ బాంబులా నిరంతరం పేలుతున్నాడన్న వర్ణన తరచు చదువుతుంటాం. ఈ ఒక్క అంకె చాలు, ఆ వర్ణన ఎంత దారి తప్పించేదో చెప్పడానికి. పైగా సూర్యుడు తనను తాను అదుపులో పెట్టుకుంటాడు. లోపల చర్య వేగం కాస్త పెరిగితే ఆ వేడికి మధ్యభాగం వ్యాకోచిస్తుంది, వ్యాకోచిస్తే చల్లబడుతుంది, చర్య మళ్లీ నెమ్మదిస్తుంది. పై పొరల బరువు, లోపలి ఒత్తిడి ఒకదాన్నొకటి నిలిపి ఉంచే ఈ ఏర్పాటును మనం ఏ యంత్రంలోనూ కట్టలేం.

ఇదంతా ఊహ కాదని చెప్పడానికి సాక్ష్యం న్యూట్రినోలు. మధ్యలో పుట్టిన శక్తి కాంతిగా పైకి చేరడానికి వేల ఏళ్లు, బహుశా లక్ష ఏళ్ల దాకా పడుతుంది. న్యూట్రినో రెండు సెకన్లలో సూర్యుణ్ణి దాటి, ఎనిమిది నిమిషాల్లో మన దగ్గరికి చేరుతుంది. మన శరీరంలో ప్రతి చదరపు సెంటీమీటరు గుండా సెకనుకు సుమారు 6,500 కోట్ల న్యూట్రినోలు పోతూనే ఉంటాయి. పౌలీ 1930లో ఊహించిన ఈ కణాన్ని 1956లో రైన్స్, కోవన్ గుర్తించారు. సూర్యుడి నుంచి వచ్చే వాటిని అమెరికాలోని హోమ్‌స్టేక్ గనిలో రేమండ్ డేవిస్ లెక్కించినప్పుడు, ఊహించిన వాటిలో మూడో వంతు మాత్రమే కనిపించాయి. దశాబ్దాల పాటు ఇది తేలని సమస్యగా ఉండిపోయింది. న్యూట్రినోలు దారిలో ఒక రకం నుంచి మరొక రకంలోకి మారుతున్నాయని, సూర్యుడి లెక్కలో తప్పేమీ లేదని 2001, 2002లలో కెనడాలోని సడ్‌బరీ పరిశోధనశాల తేల్చింది. ఇటలీలోని న్యూట్రినో పరికరం బోరెక్సినో 2014లో ఆ మొదటి మెట్టులో పుట్టే న్యూట్రినోలనే నేరుగా కొలిచింది. ఆ కొలత ఇప్పటి సూర్యుడి మధ్యభాగం గురించి చెబుతుంది, మనకు కనిపించే కాంతి వేల ఏళ్ల కిందటి మధ్యభాగం గురించి చెబుతుంది, రెండూ సరిపోలాయి. ఇంత గొప్ప ఫలితానికి మన భాషలో రావలసినంత రచన రాలేదు.

ఇప్పుడు యంత్రాల సంగతి. ప్రోటాన్, ప్రోటాన్ చర్యను భూమి మీద శక్తి కోసం వాడాలని ఎవరూ ప్రయత్నించడం లేదు. అంత నిదానమైన దానితో ఉపయోగం లేదు. ప్రయోగశాలలో సంలీనం డ్యుటీరియంతోనే మొదలైంది. కేంబ్రిడ్జిలో 1934లో ఒలిఫాంట్, హార్టెక్, రూథర్‌ఫర్డ్ డ్యుటీరియం కేంద్రకాలను డ్యుటీరియంతోనే ఢీకొట్టించి ట్రిటియంను, హీలియం-3ను పొందారు. నేటి యంత్రాలు ఆధారపడుతున్నది డ్యుటీరియం, ట్రిటియం చర్య మీద. న్యూట్రాన్లు ముందే సిద్ధంగా ఉన్నాయి కనుక ఏ ప్రోటానూ న్యూట్రాన్‌గా మారనక్కర లేదు. దుర్బల బలంతో ప్రమేయమే లేదు. ఆటంకాన్ని దాటే అవకాశాన్ని పక్కన పెట్టి చర్యల సహజ సామర్థ్యాన్నే పోలిస్తే, సూర్యుడి మొదటి మెట్టుకన్నా ఇది 1 పక్కన సుమారు 25 సున్నాలు పెట్టినన్ని రెట్లు ఎక్కువ. ఈ తేడాను చెప్పకుండా రెండింటినీ ఒకే ప్రక్రియ అనడమే నా అభ్యంతరం.

ఈ చర్యలో హీలియం-4, ఒక న్యూట్రాన్ వస్తాయి, 17.6 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వెలువడుతుంది. అందులో 3.5 హీలియంతో ఉండి ప్లాస్మాను వేడిగా ఉంచుతుంది, 14.1 న్యూట్రాన్ తీసుకుపోతుంది. న్యూట్రాన్‌కు ఆవేశం లేదు కాబట్టి ప్లాస్మాను పట్టి ఉంచే అయస్కాంత క్షేత్రం దాన్ని ఆపలేదు. అది గోడను చేరి అక్కడ వేడిని వదులుతుంది. విద్యుత్తు తీయాలన్నా ఆ వేడి నుంచే తీయాలి. అదే న్యూట్రాన్ గోడలోని లోహాన్ని దెబ్బతీసి రేడియోధార్మికం కూడా చేస్తుంది. సంలీనంలో రేడియోధార్మికత అసలు ఉండదని రాయడం అందువల్ల సరికాదు. బరువైన కేంద్రకాలను చీల్చే విచ్ఛిత్తి రియాక్టర్లలోలాగా వేల ఏళ్లు నిలిచే వ్యర్థాలు పెద్ద మొత్తంలో మిగలవని, గొలుసు చర్య అదుపు తప్పే ప్రమాదం లేదని చెప్పడం సరైనది. ఇంధనం గురించీ అంతే. సముద్రపు నీటిలో సుమారు 6,400 హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి డ్యుటీరియం, దానికి కొరత లేదు. కానీ ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లే, ప్రకృతిలో అది నామమాత్రంగా దొరుకుతుంది. దాన్ని యంత్రం గోడల్లో లిథియం పెట్టి, వెలువడే న్యూట్రాన్లతోనే తయారు చేసుకోవాలి. ఒక విద్యుత్ కేంద్రం నడవడానికి చాలినంత ట్రిటియంను ఇలా తయారు చేయడం ఇంతవరకు ఎవరూ చేసి చూపలేదు. నీటితో అంతులేని విద్యుత్తు అన్న శీర్షిక పెట్టే ముందు ఈ సంగతి ఒకటి రెండు వాక్యాల్లోనైనా రావాలి.

ఇంత చురుకైన చర్యకు కూడా 10 నుంచి 15 కోట్ల డిగ్రీల ఉష్ణోగ్రత కావాలి. సూర్యుడికన్నా పది రెట్లు వేడి ఎందుకని చాలామంది అడుగుతారు. సూర్యుడి మధ్యలో సాంద్రత నీటికి 150 రెట్లు. అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచే టోకమాక్ యంత్రంలోని ప్లాస్మా మనం పీల్చే గాలికన్నా లక్షల రెట్లు పలుచన. అంత పలుచని వాయువు నుంచి ఉపయోగకరమైన శక్తి రావాలంటే చర్య వేగం సూర్యుడిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉండాలి. ఫ్రాన్స్‌లో భారతదేశం కూడా భాగస్వామిగా నిర్మాణంలో ఉన్న ఈటర్ యంత్రం సుమారు 830 ఘనపు మీటర్ల ప్లాస్మా నుంచి 500 మెగావాట్లు ఇవ్వాలన్నది లక్ష్యం. అంటే ఘనపు మీటరుకు ఆరు లక్షల వాట్లు, సూర్యుడి మధ్యభాగానికి రెండు వేల రెట్లు. సూర్యుణ్ణి అనుకరించడం చాలదు, ఆ ఒక్క విషయంలో ఆయనను ఎంతో దాటిపోవాలి. పని ఇన్నేళ్లు పట్టడానికి కారణం శాస్త్రవేత్తల అలసత్వం కాదని, పని స్వభావమే అటువంటిదని పాఠకులకు తెలిస్తే ఆ కృషి మీద గౌరవం పెరుగుతుంది.

ఫలితాల వార్తలను కూడా ఇదే జాగ్రత్తతో రాయవలసి ఉంది. అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో 2022 డిసెంబరు 5న లేజర్లు ఇంధన గుళిక ఉన్న లక్ష్యానికి 2.05 మెగాజౌళ్లు అందించగా 3.15 మెగాజౌళ్లు వెలువడ్డాయి. అది నిజంగా చరిత్రాత్మకమైన ఫలితం. కానీ ఆ లేజర్లను పనిచేయించడానికి వాడిన విద్యుత్తు సుమారు 300 మెగాజౌళ్లు. పెట్టినదానికన్నా ఎక్కువ వచ్చింది అన్న వాక్యం ఏ లెక్క గురించో చెప్పకపోతే పాఠకుడు మోసపోతాడు. బ్రిటన్‌లోని జెట్ యంత్రం 2023లో డ్యుటీరియం, ట్రిటియంతో 69 మెగాజౌళ్ల శక్తిని ఇచ్చింది. చైనాలోని ఈస్ట్ యంత్రం 2025 జనవరిలో వేడి ప్లాస్మాను 1,066 సెకన్లు నిలిపింది. మొదటిది సంలీన శక్తికి సంబంధించిన ఫలితం, రెండవది ట్రిటియం వాడకుండా ప్లాస్మాను పట్టి ఉంచే నేర్పుకు సంబంధించిన ఫలితం. రెండూ అవసరమే, కానీ ఒకే గాటన కట్టదగినవి కావు.

కాబట్టి మీ పత్రికకు నా విన్నపం ఇది. సంలీనం వార్త వచ్చినప్పుడు వాడిన ఇంధనం ఏది, సంలీనం వల్ల శక్తి వెలువడిందా లేక ప్లాస్మా నిలిచిందా, శక్తి లెక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది అనే వివరాలు వార్తా సంస్థల కథనంలో లేకపోయినా అడిగి చేర్చండి. విద్యార్థుల పుటలో సూర్యుడి గురించి ప్రత్యేకంగా ఒక వ్యాసం వేయించండి. దానితోపాటు వేసే బొమ్మలో నాలుగు ప్రోటాన్లను ఒక బాణంతో హీలియంకు కలిపి సరిపెట్టకుండా, మూడు మెట్లూ విడివిడిగా, ఒక్కొక్క మెట్టుకు పట్టే కాలంతో సహా చూపించండి. మొదటి మెట్టు దగ్గర పాజిట్రాన్‌ను, న్యూట్రినోను వదిలేయకుండా గీయించండి. ఆ వ్యాసం రాయడానికి, లెక్కలు సరిచూడటానికి నా సాయం కావాలంటే సంతోషంగా చేస్తాను.

ఇట్లు,
భవదీయురాలు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకురాలు